వార్మప్ వేడి విజిల్ దాకా నిలవాలి

స్కూలు పిల్లల ఈత పోటీలు జరిగేటప్పుడు కొలను గట్టు మీద ఓసారి చూడండి. పొద్దున్నే వార్మప్ అని నాలుగు రౌండ్లు ఈది వచ్చిన పిల్లలు తడి కాస్ట్యూమ్‌తోనే సిమెంటు మెట్ల మీద కూర్చుని, పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తుంటారు. ముందు జరగాల్సిన హీట్స్, అంటే తొలి రౌండ్ రేసులు, ఆలస్యమవుతాయి. ముఖ్య అతిథి రావాలి, మాట్లాడాలి. చూస్తుండగానే ముప్పావుగంట గడిచిపోతుంది. ఈలోగా పెదాలు నీలమెక్కుతాయి, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఆ చలిలోంచే లేచి వెళ్లి, రేసుకు దూకే దిమ్మె అయిన స్టార్టింగ్ బ్లాక్ ఎక్కుతారు.

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్ వైపు నుంచి పోటీలకు వెళ్లే మన తెలుగు పిల్లల్లో చాలామందికి ఈత నేర్పింది నాగావళి, వంశధార, మహేంద్రతనయ, లేదా ఊరి చెరువు. వాళ్ల భుజాల్లో బలానికి లోటు లేదు. ఆ బలం పూర్తిగా బయటికి రావాలంటే కండరం వేడిగా ఉండాలని వాళ్లకు చెప్పేవాళ్లే తక్కువ.

ఊరికే కూర్చున్నప్పుడు తొడ కండరంలో వేడి సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. అంటే ఒంటి లోపలి 37 డిగ్రీలకన్నా తక్కువే. కదలడం మొదలుపెట్టిన మూడు నుంచి ఐదు నిమిషాల్లో అది గబగబా పెరుగుతుంది, పది ఇరవై నిమిషాలకు ఒక స్థాయికి వచ్చి ఆగుతుంది. కండరం వేడి ఒక డిగ్రీ పెరిగితే అది చూపించే శక్తి 2 నుంచి 5 శాతం దాకా పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. సెకనులో వందో వంతు తేడాతో పతకాలు చేతులు మారే ఆటలో ఇది చాలా పెద్ద లెక్క.

ఎందుకు పెరుగుతుంది? కోరాపుట్‌లో డిసెంబరు వచ్చిందంటే కొబ్బరినూనె సీసాని ఎండలో పెడితేగాని నూనె కారదు. కండరం అంతలా గడ్డకట్టదు కానీ, చల్లగా ఉన్నప్పుడు దాని లోపలి రాపిడి ఎక్కువే, వేడెక్కితే తగ్గుతుంది. అసలు సంగతి ఇంకా లోపల ఉంది. కండరానికి ఇంధనమైన ఏటీపీని విడగొట్టే ఎంజైములు వేడిలో చురుగ్గా పనిచేస్తాయి. నరాల్లో సంకేతాలు త్వరగా ప్రయాణిస్తాయి. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను కండరానికి సులువుగా వదిలేస్తుంది. 50 మీటర్ల రేసు అర నిమిషం అటూ ఇటూగా ముగుస్తుంది కాబట్టి అక్కడ ఎంజైముల, నరాల వేగానిదే పైచేయి. 200, 400 మీటర్లలో ఆక్సిజన్ సంగతి ముఖ్యమవుతుంది. ముందే ఒళ్లు సిద్ధమై ఉంటే మొదటి ల్యాప్ నుంచే శరీరం ఎక్కువ ఆక్సిజన్ వాడుకోగలదు, చివర్లో చేతులు బరువెక్కడం కాస్త వెనక్కి జరుగుతుంది.

దీని వెనక చరిత్ర కూడా ఆసక్తిగా ఉంటుంది. 1945లో డెన్మార్క్‌కు చెందిన ఆస్ముసెన్, బోయె అనే శాస్త్రవేత్తలు కండరం వేడెక్కితే తక్కువ సమయంలో ఎక్కువ పని చేయగలదని సైకిల్ తొక్కించి చూపించారు. తర్వాత ఆస్ట్రేలియా ఈత కోచ్ ఫోర్బ్స్ కార్లైల్, ఈతకు ముందు వేడినీళ్ల షవర్ కింద నిలబెడితే ఈతగాళ్ల వేగం కొద్దిగా పెరిగిందని 1956లో రాశారు. 1959లో అమెరికాలో డి వ్రీస్ చేసిన పరీక్షలో మాత్రం వేడి షవర్‌తో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, నీళ్లలో 500 గజాలు ఈదితే వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: బయటి నుంచి ఎక్కించే వేడి కొంత సాయం చేస్తుంది, కానీ ఈతగాడికి ఈతే అసలైన వార్మప్. నీళ్లు చేతికి ఎలా తగులుతున్నాయో, టర్న్ దగ్గర గోడ ఎంత దూరంలో ఉందో షవర్ చెప్పదు.

ఇక గట్టు మీద నష్టపోయే వేడి సంగతి. పోటీ కొలనులో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని అంతర్జాతీయ నియమం. ఆ నీళ్లు మనకు హాయిగానే అనిపిస్తాయి. కానీ నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు బాగా వేడిని లాగేసుకుంటుంది. బయటికొచ్చాక ఒంటి మీది తడి ఆవిరవుతూ ఇంకొంత లాక్కుంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి (తిండి లెక్కలో చెప్పే పెద్ద కేలరీలు కావు) కావాలి, అందులో చాలా భాగం చర్మం నుంచే పోతుంది. తడి జుట్టు, తడి కాస్ట్యూమ్, పైన ఫ్యాను గాలి అయితే ఇక చెప్పక్కర్లేదు. పిల్లలకు బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి పెద్దవాళ్లకన్నా త్వరగా చల్లబడతారు.

2013లో బ్రిటన్ పరిశోధకులు ఇదే పరీక్షించారు. అంతర్జాతీయ స్థాయి ఈతగాళ్లకు ఒకే రకం వార్మప్ చేయించి, ఓసారి 20 నిమిషాల తర్వాత, మరోసారి 45 నిమిషాల తర్వాత 200 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదించారు. 20 నిమిషాలకే ఈదినప్పుడు దాదాపు రెండు సెకన్లు ముందు పూర్తిచేశారు. ఆరితేరినవాళ్లకే అంత తేడా వస్తే, తడి బట్టలతో కూర్చున్న పన్నెండేళ్ల పిల్ల సంగతేమిటి? పిల్లల్ని ఇలా వణకనివ్వడం నాకు చాలా బాధ అనిపిస్తుంది. ఒక పొడి తువ్వాలు, ఒక స్వెట్టర్‌తో తీరిపోయే విషయం ఇది.

కాబట్టి తల్లులకు, పీఈటీ సార్లకు నేను చెప్పేది ముందు సంచి గురించే. రెండు పొడి తువ్వాళ్లు, వీలైతే రెండో కాస్ట్యూమ్, స్వెట్టర్, ట్రాక్ ప్యాంటు, సాక్సులు, టోపీ. కొలనులోంచి రాగానే తుడిచి, తడి కాస్ట్యూమ్ మార్పించి, "స్వెట్టర్ వేసుకో అమ్మా, పిలిచాక తీద్దువుగాని" అని వేయించండి.

వార్మప్ విషయానికొస్తే, గట్టు మీద ఐదు నిమిషాలు చేతులు గిరగిరా తిప్పడం, నిలబడిన చోటే గెంతడం. కాళ్లూ చేతులూ సాగదీసి నిమిషానికి పైగా అలాగే పట్టుకుని ఉండే స్ట్రెచింగ్ మాత్రం రేసు ముందు వద్దు, దాంతో కండరం ఊపు కాసేపు తగ్గుతుంది. తర్వాత నీళ్లలో పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా ఈత, కొంచెం కిక్, చివర్లో రేసు వేగంతో కొద్ది దూరం చొప్పున రెండు మూడుసార్లు ఈత. అలిసిపోయేదాకా వద్దు. డైవ్ ప్రాక్టీసు దానికని వదిలిన లేన్‌లోనే చేయాలి. ఇదంతా రేసుకు పది నుంచి ఇరవై నిమిషాల ముందు ముగిస్తే మేలు. పిలుపు ఆలస్యమైతే స్వెట్టర్‌తోనే లేచి స్కిప్పింగో గుంజీళ్లో చేయించి మళ్లీ ఒళ్లు వేడెక్కించాలి. వార్మప్‌కు కొలను ఖాళీ లేని చోట కూడా ఇదే దారి.

రాత్రి హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కి తెల్లారి భువనేశ్వర్‌లో దిగి, నేరుగా కళింగ స్టేడియానికి వెళ్లే పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. మన ఒంటి వేడి తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. పైగా రాత్రంతా బెర్త్‌లో ముడుచుకుని పడుకున్న ఒళ్లు. పొద్దుటి హీట్స్ ఉంటే వార్మప్‌కు ఇంకో ఐదు పది నిమిషాలు కలపండి, లాడ్జిలో వేడినీళ్లు దొరికితే స్నానం చేయించే తీసుకెళ్లండి. స్వెట్టర్ వేసినా వణుకు ఆగకపోతే మాత్రం ఆ పిల్లను బ్లాక్ ఎక్కించకండి. ముందు ఒళ్లు వెచ్చబడనివ్వండి, ఆ రేసు పోయినా సరే.