ఫ్యాకల్టీ వర్క్‌లోడ్: 16 గంటల చుట్టూ తిరిగే అపోహలు - వాస్తవాలు

వర్క్‌లోడ్, అంటే అధ్యాపకులు వారానికి చేయాల్సిన పని గంటలు, సవరిస్తున్నారని సర్క్యులర్ రాగానే స్టాఫ్‌రూమ్ రెండు వర్గాలవుతుంది. "ఉన్నది చాలక ఇంకా పెంచుతారట" అని ఒకరు, "కొందరికైనా పని తగలాల్సిందే" అని ఇంకొకరు. మా డిపార్ట్‌మెంట్‌లో టైమ్‌టేబుల్, ఎవరికి ఎన్ని గంటలో చూపే వర్క్‌లోడ్ స్టేట్‌మెంట్ వేసే పని ఏళ్లుగా నాదే. అందుకే ప్రతిసారీ చెవిన పడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: యూనివర్సిటీ సార్లకు వారానికి 16 గంటలే పని.

ఈ మాట బయటివాళ్లే కాదు, అప్పుడప్పుడు మన ఆఫీసు వాళ్లూ అంటారు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల ప్రకారం పూర్తికాలం పనిచేసే అధ్యాపకుడి పని వారానికి 40 గంటలకు తగ్గకూడదు. ఏడాదికి 30 పని వారాలు. అందులో నేరుగా బోధించాల్సినవి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 16 గంటలు, అసోసియేట్‌కూ ప్రొఫెసర్‌కూ 14. అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఏడాదికి 1,200 గంటల్లో టైమ్‌టేబుల్ మీద కనిపించేవి 480. మిగతా 720 గంటల లెక్క ఏ కాగితం మీదా ఉండదు. గొడవంతా అక్కడే.

60 మంది ఉన్న సెక్షన్‌కు ఒక ఇంటర్నల్ పరీక్ష పెడితే, పేపర్‌కు పది నిమిషాలు వేసుకున్నా దిద్దడానికే 10 గంటలు పడుతుంది. దానికి తోడు కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ సంస్థ అడిగే ఫైళ్లు, అడ్మిషన్లు, హాస్టల్ వార్డెన్ డ్యూటీ. "అవీ ఉద్యోగంలో భాగమేగా" అంటారు. భాగమే. మరి అవన్నీ ఎప్పుడూ ఆ ముగ్గురు నలుగురి నెత్తినే ఎందుకు పడతాయి?

అపోహ: పేపర్ల క్రెడిట్లు కూడితే వర్క్‌లోడ్ వచ్చేస్తుంది.

స్టేట్‌మెంట్లలో నేను ఎక్కువగా దిద్దేది ఇదే. క్రెడిట్ అనేది విద్యార్థి లెక్క. థియరీలో ఒక క్రెడిట్‌కు వారానికి ఒక గంట, ల్యాబ్‌లో రెండు గంటలు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో 2 క్రెడిట్ల ప్రాక్టికల్ ఉందనుకోండి. విద్యార్థికి అది వారానికి 4 గంటలు. క్లాసులో 40 మంది ఉంటే అందరూ ఒకేసారి ల్యాబ్‌లో పట్టరు కాబట్టి రెండు బ్యాచ్‌లు చేస్తాం. అంటే ల్యాబ్‌లో నిలబడే మేడమ్‌కు 8 గంటలు. స్టేట్‌మెంట్‌లో మాత్రం "2" అని పడుతుంది. సైన్స్ డిపార్ట్‌మెంట్ల వాళ్లు మీటింగ్‌లో గట్టిగా మాట్లాడతారంటే ఊరికే కాదు.

అపోహ: గంటలు పెంచితే ఎక్కువ క్లాసులు జరుగుతాయి.

జరగవు. పోస్టులు తగ్గుతాయి. వర్క్‌లోడ్ స్టేట్‌మెంట్‌తో ముందుగా తేల్చేది ఎంతమంది కావాలన్నదే. డిపార్ట్‌మెంట్‌లో వారానికి 96 గంటల బోధన ఉందనుకుందాం. 16తో భాగిస్తే ఆరుగురు కావాలి, 24తో భాగిస్తే నలుగురు చాలు. పిల్లలకు ఒక్క క్లాసు కూడా పెరగలేదు, ఇద్దరు మాత్రం ఇంటికెళ్లారు.

ఇదేదో ఊహించి చెబుతున్నది కాదు. 2016 మేలో యూజీసీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 18 గంటలు, ఆపైన 6 గంటల ట్యుటోరియల్స్ అంది. రెండు గంటల ప్రాక్టికల్‌ను ఒక గంటగానే లెక్కేయమంది. వేల మంది అడ్‌హాక్ టీచర్లతో నడుస్తున్న ఢిల్లీ యూనివర్సిటీ అట్టుడికింది. టీచర్లు జవాబు పత్రాలు దిద్దడం మానేశారు. కొద్ది వారాల్లోనే కేంద్రం వెనక్కి తగ్గింది, పాత 16, 14 గంటలే మళ్లీ వచ్చాయి. మన రాష్ట్రాల్లో అలాంటిది వస్తే మొదటి దెబ్బ కాంట్రాక్ట్, పార్ట్‌టైమ్, గెస్ట్ ఫ్యాకల్టీ మీదే. రెగ్యులర్ వాళ్లం కాబట్టి మనకేం కాదనుకుని కూర్చోవడం నాకు నచ్చదు.

అపోహ: అందరికీ సమానంగా గంటలు పంచితే న్యాయం జరిగినట్టే.

ఒకే పేపర్‌ను మూడు సెక్షన్లకు చెప్పే సీనియర్‌కు 12 గంటలు. మూడు కొత్త పేపర్లు చెప్పే కుర్ర లెక్చరర్‌కూ 12 గంటలే. కాగితం మీద ఇద్దరూ సమానం. రాత్రి పన్నెండింటికి సిలబస్ ముందేసుకుని నోట్స్ తయారు చేసేది మాత్రం రెండో ఆయనే. సవరణలో ఒక్కటంటే ఒక్కటే మార్చగలిగితే, నేను వేరువేరు పేపర్ల సంఖ్యకు ఒక కాలమ్ పెట్టిస్తాను.

సీనియర్ల వైపూ చూడాలి. పీహెచ్‌డీ గైడ్‌గా ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్ల దాకా ఉండొచ్చు. నిజంగా గైడ్ చేస్తే అదేం చిన్న పని కాదు. చేయకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు, ఇక్కడ వద్దు.

అపోహ: మెటర్నిటీ లీవ్‌లో ఉంటే క్లాసులు తగ్గి ప్రమోషన్ పోతుంది.

2018 నిబంధనల్లో, ప్రమోషన్ కోసం వేసే గ్రేడుకు, కేటాయించిన క్లాసుల్లో 80 శాతం, ఆపైన తీసుకుంటే "గుడ్", 70 నుంచి 80 లోపు "సంతృప్తికరం". జీతంతో కూడిన లీవ్‌లో ఉన్న కాలాన్ని ఈ లెక్కలోంచి తీసేయాలి. కాకపోతే లీవ్ తేదీలు స్టేట్‌మెంట్‌లో రాయించుకోండి, లేకపోతే ప్రమోషన్ ఇంటర్వ్యూ రోజున ఫైళ్లు వెతుక్కోవాల్సి వస్తుంది.

అపోహ: వర్క్‌లోడ్ పంచడానికి సాఫ్ట్‌వేర్ కొంటే సరిపోతుంది.

దాంట్లో ఏ పనికి ఎన్ని గంటలు వేయాలో చెప్పాల్సింది మనమే. ముందు డిపార్ట్‌మెంట్ మొత్తం షీట్, అందరి పేర్లతో, సెమిస్టర్‌కు ముందే నోటీస్ బోర్డులో పెట్టండి. ఎక్సెల్ చాలు. బేరాలు ఎలాగూ తప్పవు, అందరి ముందూ జరిగితే మంచిది. ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు వారానికి 2 గంటలు తగ్గించాలా, 4 గంటలా అన్నది మా దగ్గర ఇంకా తేలలేదు.