మైన్‌క్రాఫ్ట్ అడవి: దారి తప్పించే అపోహలు

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ తెలుగు పిల్లలకు మూడేళ్లుగా శనివారం సాయంత్రాలు మైన్‌క్రాఫ్ట్ అనే, బ్లాకులతో కట్టుకునే వీడియో గేమ్ నేర్పుతున్నాను. గనులు తవ్వాం, కోటలు కట్టాం. పిల్లల్ని అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించింది మాత్రం ఆ ఆటలోని డార్క్ ఫారెస్ట్ అనే దట్టమైన అడవి. అక్కడి జాంబీలకంటే, ఎవరో చెప్పగా విని నమ్మిన మాటలే వాళ్లను ఎక్కువ దెబ్బతీశాయి.

అపోహ: పగటిపూట అడవిలో భయం లేదు.

వాస్తవం: మైదానంలో అయితే సరే. డార్క్ ఫారెస్ట్‌లో ఓక్ కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసి పైకప్పులా కమ్ముకుంటాయి. కబ్బన్ పార్కులో వెదురు గుబురు కింద నిలబడితే మిట్టమధ్యాహ్నం కూడా మసకగా ఉంటుంది కదా, అచ్చం అలాగే. ఆ చీకట్లో పగలే జాంబీలు పుడతాయి. నేరుగా ఎండ తగిలితేనే అవి కాలిపోతాయి, నీడలో వాటికి ఏమీ కాదు. దగ్గరికొచ్చి పేలిపోయే క్రీపర్లను ఎండ కూడా ఏమీ చేయదు. అందుకే మేము చెట్టెక్కి ఆకుల మీదుగా నడుస్తాం. సందుల్లోంచి జారిపడకుండా చూసుకుంటే చాలు.

అపోహ: కంపాస్ ఇంటిదారి చూపిస్తుంది.

వాస్తవం: ఇల్లు ఎక్కడ కట్టుకున్నారో దానికి తెలియదు. ఆ ప్రపంచం మొదలైన చోటునే చూపిస్తుంది. లోడ్‌స్టోన్ అనే బ్లాకుకు ముడిపెడితేనే మనం కోరిన చోటు వైపు తిరుగుతుంది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, మేఘాలు ఎప్పుడూ పడమటికే కదులుతాయి, కానీ ఆ ఆకుల కింద ఆకాశమే కనిపించదు. కాబట్టి అడవిలో అడుగుపెట్టే ముందే ఇంటి కోఆర్డినేట్లు, అంటే ఆ చోటును తెలిపే అంకెలు, కాగితం మీద రాసుకోవాలి. తూర్పుకు వెళ్తే ఎక్స్ పెరుగుతుంది, దక్షిణానికి వెళ్తే జెడ్ పెరుగుతుంది.

అపోహ: చనిపోతే అక్కడ పడిపోయిన సామానంతా 5 నిమిషాల్లో మాయం.

ఈ మాట నమ్మి తొమ్మిదేళ్ల పాప ఒకతె "అక్కా, నా డైమండ్ కత్తి!" అంటూ ఒట్టి చేతులతో అడవిలోకి పరుగెత్తింది. దారిలోనే మళ్లీ చనిపోయింది. నిజానికి ఆ 5 నిమిషాల లెక్క, ఆ ప్రాంతం ఆటలో లోడ్ అయి ఉన్నంతసేపే, అంటే ఆటగాడెవరైనా దగ్గర్లో ఉన్నంతసేపే నడుస్తుంది. చనిపోయాక మీరు దూరంగా ఇంట్లో మళ్లీ లేచారంటే అక్కడ కాలం ఆగిపోయినట్టే. కడుపునిండా తిని, డాలు పట్టుకుని, దారి చూసుకుని నిదానంగా వెళ్లండి. దగ్గరికి చేరాక మాత్రం గడియారం మళ్లీ కదులుతుంది. కలిసి ఆడేటప్పుడు ఇంకో మెలిక ఉంది: స్నేహితుడు అక్కడే నిలబడితే లెక్క ఆగదు. అతనే సామాను ఏరి దాచిపెట్టాలి.

అపోహ: తిరగగా తిరగగా అడవిలోని మాన్షన్ (పెద్ద భవంతి) దొరుకుతుంది.

వాస్తవం: 2016లో వచ్చిన వుడ్‌ల్యాండ్ మాన్షన్ ఎక్కువగా డార్క్ ఫారెస్ట్‌లో ఉంటుంది, కానీ ప్రతి డార్క్ ఫారెస్ట్‌లోనూ ఉండదు. వేల బ్లాకుల దూరం నడవాల్సి రావచ్చు. ఊళ్లోని కార్టోగ్రాఫర్‌తో (మ్యాపులు అమ్మేవాడితో) బేరాలు చేసి అతని స్థాయి పెంచితే, ఎమరాల్డ్‌లు (ఆటలో డబ్బుగా చెల్లే పచ్చలు), ఒక కంపాస్ తీసుకుని మాన్షన్‌కు దారి చూపే మ్యాప్ ఇస్తాడు. ఆ అడవిలో ఊళ్లు ఉండవు, కాబట్టి బయల్దేరకముందే కొనుక్కోవాలి. మాన్షన్ లోపల ఎవోకర్ అనే మంత్రగాణ్ణి ఓడిస్తే, ప్రాణం పోయే క్షణంలో కాపాడే టోటెమ్ దక్కుతుంది.

అపోహ: మంచి కత్తి ఉంటే పేల్ గార్డెన్ అనే పాలిపోయిన అడవిలో క్రీకింగ్ అనే జీవిని చంపేయవచ్చు.

వాస్తవం: 2024 డిసెంబరులో వచ్చిన ఈ జీవికి కత్తి దెబ్బ తగలదు. చెట్టులో దాగిన క్రీకింగ్ హార్ట్ అనే బ్లాకును పగలగొట్టాలి. క్రీకింగ్‌ను కొడితే ఆ హార్ట్ వైపు రేణువుల బాట కనిపిస్తుంది. ఎవరైనా చూస్తున్నంతసేపు అది కదలదు కాబట్టి, మా పిల్లల్లో ఒకరు దానిమీంచి చూపు తిప్పరు, ఇంకొకరు గొడ్డలితో ఆ బాట వెంట వెళ్తారు.