జైల్లో దొంగచాటుగా పులియబెట్టే మందు: అపోహలు, వాస్తవాలు

ఖైదీలకు వైద్యం చేసే డాక్టర్‌ని. జైలు గోడల లోపల తరచూ వినబడే మాటలివి.

అపోహ: మందులో ఏ క్రిమీ బతకదు.

వాస్తవం: ఖైదీలు దొంగచాటుగా సంచిలో పులియబెట్టినదాంట్లో ఉండే కాస్త ఆల్కహాల్‌కి బొటులిజం (కండరాలు చచ్చుబడే జబ్బు) తెచ్చే విషం లొంగదు. దాన్ని తయారుచేసే బ్యాక్టీరియా బీజాలు మట్టిలో ఉంటాయి, బంగాళదుంప తొక్కకు అంటుకుని వస్తాయి. మామూలుగా ఉడికిస్తే చావవు. గాలి ఆడని వెచ్చటి సంచిలో పడ్డాయంటే విషం మొదలైనట్టే. 2011లో అమెరికాలోని యూటా జైల్లో 8 మంది ఖైదీలకు ఇలాగే బొటులిజం వచ్చింది. భోజనంలో ఇచ్చిన దుంపను వారాల తరబడి దాచి అందులో కలిపారన్నది దర్యాప్తులో తేలింది. 2016లో మిసిసిపీలోని ఒక ఫెడరల్ జైల్లో ఏకంగా 31 మందికి వచ్చింది.

అపోహ: చెడిపోతే వాసన పట్టేస్తాం.

వాస్తవం: ఈ విషానికి వాసన లేదు, రుచి లేదు.

అపోహ: మాట ముద్దగా వస్తోందంటే మత్తే. పడుకుంటే దిగిపోతుంది.

వాస్తవం: ప్రాణాలు తీసే అపోహ ఇదే. బొటులిజం లక్షణాలు ఎక్కువగా తాగిన 12 నుంచి 36 గంటల్లో కనిపిస్తాయి, ఒక్కోసారి రోజులు పడుతుంది. అప్పటికి మత్తు ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. రెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, నోరు ఎండిపోతుంది, మింగుడుపడదు. నీరసం ముఖం నుంచి మెడకు, చేతులకు, ఛాతీకి దిగుతుంది. జ్వరం ఉండదు. రెప్పలు ఎత్తలేకపోతున్న మనిషి అడిగినదానికి తెలివిగా జవాబిస్తున్నాడంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. తాగినవాడికి మందగించేది బుర్ర, ఇతనికి చచ్చుబడుతున్నది కండరాలు. మింగలేనివాడి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అపోహ: ఇంజెక్షన్ పడితే లేచి కూర్చుంటాడు.

వాస్తవం: బొటులిజానికి ఇంజెక్షన్‌గా ఇచ్చే విరుగుడు, యాంటీటాక్సిన్, రక్తంలో తిరుగుతున్న విషాన్నే ఆపుతుంది. నరాలను పట్టేసినదాన్ని విడిపించలేదు. ఆలస్యమైతే వారాల తరబడి వెంటిలేటర్ తప్పకపోవచ్చు.

అపోహ: కళ్లు పోవడం పులియబెట్టడం వల్లే.

వాస్తవం: చూపు పోగొట్టేది మిథనాల్ అనే విషపు ఆల్కహాల్. పులిస్తే పుట్టే మిథనాల్ సాధారణంగా చాలా తక్కువ. మిథనాల్ ఉన్న శానిటైజరో థిన్నరో కలిపితేనే చూపు పోయే ప్రమాదం.

శిక్ష భయంతో తాగినవాళ్లు నోరు విప్పరు. సిబ్బంది మొదట వైద్యం చేయించాలి, విచారణ తర్వాత చూసుకోవచ్చు. ఒక్కరికి బొటులిజం అనుమానం వచ్చినా, అదే సంచిలోంచి తాగిన ప్రతి ఒక్కరినీ, బాగానే ఉన్నామంటున్నా సరే, వెంటనే డాక్టర్‌కి చూపించాలి.