కావాలని చేశాడా లేదా: ఎర్రకార్డు తగువు వెనుక 1995

తిరుపతిలో మళ్ళీ అదే తగువు రాజుకుంది. మొన్న ఆదివారం సాయంత్రం ఓ కాలేజీ మైదానంలో జరిగిన ఫుట్‌బాల్ పోటీలో చిత్తూరు జట్టు కుర్రాడు బంతిని తలతో కొట్టబోతుంటే తిరుపతి డిఫెండర్ కాలెత్తాడు. బూటు అడుగున ఉండే స్టడ్స్ చెవి పక్కన చీరుకుంటూ పోయాయి. నాలుగు కుట్లు పడ్డాయి. రెఫరీ నేరుగా ఎర్రకార్డే తీశాడు. దాంతో సెమీఫైనల్లో ఆ డిఫెండర్ ఆడేందుకు లేదు. అప్పటి నుంచి వాట్సాప్ గ్రూపుల్లోనూ, ఎయిర్ బైపాస్ రోడ్డు టీ బంకుల దగ్గరా ఒకటే మాట. "వాడేమన్నా కావాలని చేసినాడా అన్నా? బంతి తప్ప ఇంకేం చూసినాడు?" అని తిరుపతి వాళ్ళు. "మావోని చెవి తెగింది కదప్పా, ఇంకేం కావల్ల మీకు?" అని చిత్తూరు వాళ్ళు.

2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయ్యాక ఈ రెండు ఊళ్ళ కుర్రాళ్ళు ఎదురుపడితే ఆటలో కాస్త కారం ఎక్కువే ఉంటోంది. అయినా ఇది ఊళ్ళ తగువు కాదు. అర్ధరాత్రి పన్నెండున్నరకో, ఒకటిన్నరకో లేచి యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ చూసే ప్రతి గదిలోనూ ఇదే వాదన నడుస్తుంది. జెర్సీల రంగులు మాత్రమే మారతాయి.

కార్డులు ఎలా పుట్టాయో, లండన్ ట్రాఫిక్ లైట్ల దగ్గర ఇంగ్లండ్ రెఫరీ కెన్ ఆస్టన్‌కు ఆ ఆలోచన ఎలా తట్టిందో, 1970 మెక్సికోలో మొదటిసారి ఎలా వాడారో ఇక్కడి అభిమానులకు కంఠతా వచ్చు. దాన్ని వదిలేస్తున్నాను. మొన్నటి గొడవ అర్థం కావాలంటే 1995 దగ్గరికి వెళ్ళాలి. ఆ ఏడాది ఫుట్‌బాల్ నియమాల్లోంచి ఒక్క మాట తీసేశారు. ఆ మాట "కావాలని".

అంతకు ముందు పన్నెండో నియమం చెప్పింది ఇదీ: ఆటగాడు కావాలని తన్నినా, పడగొట్టినా, తోసినా ఫౌల్. అంటే రెఫరీ ముందుగా ఆటగాడి మనసులోకి తొంగిచూడాలి. కాలు ఎక్కడ తగిలిందన్నది ఆ తర్వాతి సంగతి. ఆట నియమాలు రాసే ఐఎఫ్‌ఏబీ 1995లో ఆ పద్ధతిని పక్కన పెట్టింది. నిర్లక్ష్యంగా ఆడాడా, దుడుకుగా ఆడాడా, బలం మితిమీరి వాడాడా అన్న మూడు మెట్లు పెట్టింది. ఇవాళ ఆ మెట్లకు అర్థం స్పష్టంగా రాసి ఉంది. చూసుకోకుండా ఆడితే ఫ్రీకిక్ మాత్రమే, కార్డు ఉండదు. ఎదుటివాడికి ప్రమాదమని తెలిసీ లెక్కచేయకపోతే పసుపు, అంటే హెచ్చరిక. అవసరానికి మించి బలం వాడి ఎదుటివాడి భద్రతకు ముప్పు తెస్తే ఎరుపు, అంటే మైదానం బయటికి. ఈ మూడింట్లో ఎక్కడా "కావాలని" లేదు. చేతికి బంతి తగిలే విషయంలో మాత్రం ఉద్దేశం ప్రస్తావన మిగిలింది. కాలి విషయంలో పోయింది. మన టీ బంకు దగ్గర ఇంకా వినిపిస్తున్నది 1995కు ముందటి నియమం.

ఆ మాట ఎందుకు పోవాలో అర్థం కావాలంటే ఇంకో పదమూడేళ్ళు వెనక్కి, సెవియ్యా నగరానికి వెళ్ళాలి. 1982 జులై 8, ప్రపంచ కప్ సెమీఫైనల్, పశ్చిమ జర్మనీకీ ఫ్రాన్స్‌కూ మధ్య. ఫ్రాన్స్ ఆటగాడు పాట్రిక్ బాటిస్టన్ ఒంటరిగా గోలు వైపు పరిగెత్తి బంతిని తన్నేశాడు. బంతి గోలు పక్కనుంచి బయటికి పోతోంది. గోల్‌కీపర్ హారాల్డ్ షుమాకర్ గాల్లోకి లేచి, పక్కకు తిరిగి, తుంటితో నేరుగా అతని ముఖాన్ని ఢీకొట్టాడు. బాటిస్టన్ స్పృహ తప్పాడు. పళ్ళు ఊడాయి, వెన్నుపూస దెబ్బతింది. చనిపోయాడేమో అనుకున్నానని సహచరుడు మిషెల్ ప్లాటినీ తర్వాత చెప్పాడు. డచ్ రెఫరీ చార్లెస్ కోర్వర్ ఎర్రకార్డు ఇవ్వలేదు, పసుపూ ఇవ్వలేదు, ఫౌల్ కూడా ఇవ్వలేదు. బంతి మామూలుగా బయటికి పోయినట్టు గోల్ కిక్ ఇచ్చాడు. షుమాకర్ బంతిని గోలు ముందు పెట్టుకుని, స్ట్రెచర్ ఎప్పుడు కదులుతుందా అన్నట్టు నిలబడ్డాడు. మ్యాచ్ 3-3గా ముగిసి పెనాల్టీల్లో జర్మనీ గెలిచింది. పెనాల్టీలు ఆపింది ఆ షుమాకరే.

బంతి కోసమే వెళ్ళానని షుమాకర్ అన్నాడు. కాదని రుజువు చేయగలిగేవాడు ఎవడు? మనసులో ఉన్నది బయటపెట్టే యంత్రం లేదు. ఉద్దేశం మీద కట్టిన నియమం దెబ్బ తిన్నవాడి కంటే దెబ్బ కొట్టినవాడికే ఎక్కువ రక్షణ ఇచ్చింది. ఆ వీడియో చూసిన ప్రతిసారీ నాకు బాటిస్టన్ వేలాడేసిన చెయ్యే కనిపిస్తుంది.

ఆ రోజుల్లో వెనక నుంచి కాళ్ళ మీద పడిన దెబ్బలతో ఒక తరం గొప్ప ఆటగాళ్ళు కుంటుపడ్డారు. డచ్ ఫార్వర్డ్ మార్కో వాన్ బాస్టెన్ ఆఖరి మ్యాచ్ ఆడింది 1993 మేలో, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో. చీలమండ మళ్ళీ కోలుకోలేదు. 1995 ఆగస్టులో ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు. 1998 ప్రపంచ కప్‌కు ముందు, ఎదుటివాడి భద్రతకు ముప్పు తెచ్చే వెనక టాకిల్‌ను, అంటే వెనక నుంచి కాలు పెట్టి బంతి లాక్కునే ప్రయత్నాన్ని, తీవ్రమైన ఫౌల్‌గా చూసి తీరాలని నియమంలో చేర్చారు. 2005లో "వెనక నుంచి" అన్న మాటా తీసేశారు. ముందు నుంచి వచ్చినా, పక్క నుంచి వచ్చినా, ఎదుటివాడి భద్రత దెబ్బతింటే అదే శిక్ష. పదేళ్ళలో రెండు మాటలు పోయాయి. ఆ రెంటితో రెఫరీ చూపు కొట్టినవాడి మీదనుంచి దెబ్బ తిన్నవాడి మీదికి మళ్ళింది.

ఇక ఎత్తిన కాలు సంగతి. మొన్నటి గొడవలో సగం గందరగోళం ఇక్కడే ఉంది. "డేంజరస్ ప్లేకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్కే కదా, రెడ్ ఎట్లా ఇస్తాడు?" అని తిరుపతి జట్టు సీనియర్ ఒకరు గట్టిగా అడుగుతున్నారు. ఆయన చెప్పిన నియమం ఉన్నమాట నిజం. కాని అది కాలు తగలనప్పటి నియమం. ఎత్తిన కాలు చూసి ఎదుటివాడు భయంతో తల వెనక్కి తీసుకుంటే ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్, అంటే నేరుగా గోలు కొట్టే వీల్లేనిది. తగిలిన మరుక్షణం లెక్క మారిపోతుంది. డైరెక్ట్ ఫ్రీకిక్, ఆ పైన ఏ కార్డన్నది ముప్పును బట్టి. మైదానంలో మనవాళ్ళు అన్నిటికీ "డేంజరస్" అనే ఒక్క మాటే వాడతారు కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తాయి.

దీనికి ఈ ఊళ్ళో అందరికీ గుర్తున్న ఉదాహరణ 2013 మార్చి 5. ఓల్డ్ ట్రఫోర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ రియల్ మాడ్రిడ్ మీద 1-0తో ముందుంది. గాల్లోంచి దిగుతున్న బంతిని అందుకోవడానికి యునైటెడ్ ఆటగాడు నానీ కాలెత్తాడు. వెనక నుంచి రియల్ ఆటగాడు ఆర్బెలోవా వస్తున్న సంగతి చూడలేదు. కాలు అతని ఛాతీ పక్కన తగిలింది. టర్కీ రెఫరీ జునేత్ చాకిర్ ఎర్రకార్డు చూపాడు. పది మంది మిగిలిన యునైటెడ్ కాసేపటికే రెండు గోల్స్ తిని పోటీ నుంచి బయటికి పోయింది. యునైటెడ్ అభిమానులు చాకిర్‌ను ఇప్పటికీ క్షమించలేదు. అయితే ఆ రాత్రి టీవీలో రెఫరీ నిర్ణయం సరైనదేనని చెప్పినవాడు యునైటెడ్ పాత కెప్టెన్ రాయ్ కీన్. నానీ చూడలేదన్నది నిజమే కావచ్చు. చుట్టూ ఎవరున్నారో చూసుకోవడం కాలెత్తేవాడి బాధ్యత అన్నది కీన్ వాదన.

ఆ కీన్ కథే ఉద్దేశానికి ఈ ఆటలో ఎక్కడ చోటుందో చూపిస్తుంది. 2001 ఏప్రిల్‌లో యునైటెడ్, సిటీ జట్ల మధ్య జరిగే మాంచెస్టర్ డెర్బీలో సిటీ ఆటగాడు ఆల్ఫీ హాలండ్ మోకాలి మీదికి అతను కాలు దించాడు. ఈ హాలండ్ ఇప్పటి స్ట్రైకర్ ఎర్లింగ్ హాలండ్ తండ్రి. రెఫరీ డేవిడ్ ఎలరే ఎర్రకార్డు ఇచ్చాడు. మరుసటి ఏడాది ఆత్మకథలో కీన్ పాత పగ సంగతి బయటపెట్టేసరికి, ఎర్రకార్డుకు పడ్డ శిక్ష కాక ఇంకో అయిదు మ్యాచ్‌ల నిషేధమూ, 1,50,000 పౌండ్ల జరిమానా పడ్డాయి. చూడండి, మైదానంలో కీన్‌కూ ఎర్రకార్డే, నానీకీ ఎర్రకార్డే. ఉద్దేశం తేలింది తర్వాత, బల్ల ముందు కూర్చున్నప్పుడు. మైదానంలో రెఫరీకి ఆ పని పెట్టలేదు.

ఆ ఎలరేనే తర్వాత ఐఎఫ్‌ఏబీలో సాంకేతిక బాధ్యతలు చేపట్టి 2016లో నియమాలన్నిటినీ తిరగరాయించాడు. ఆ తిరగరాతలోనే ఇప్పటి అయోమయానికి ఇంకో కారణం ఉంది. పెనాల్టీ బాక్సులో స్పష్టమైన గోలు అవకాశాన్ని ఫౌల్‌తో ఆపితే అంతకుముందు ఎర్రకార్డు ఖాయం. 2016 నుంచి, బంతి కోసం నిజంగా ప్రయత్నించి పొరబడితే పెనాల్టీతో పాటు పసుపుతో సరిపెడతారు. అక్కడ "బంతి కోసం వెళ్ళాడు" అన్న మాట చెల్లుతుంది. అది గోలు అవకాశానికి సంబంధించిన నియమం, ఒంటికి తగిలే దెబ్బకు సంబంధించింది కాదు. అభిమానులు ఆ వెసులుబాటును ఇక్కడికి తెచ్చి అతికిస్తున్నారు.

2017 సెప్టెంబర్ 9న మాంచెస్టర్ సిటీ మైదానం ఎతిహాద్‌లో లివర్‌పూల్ ఆటగాడు సాదియో మానే బూటు సిటీ గోల్‌కీపర్ ఎడర్సన్ ముఖానికి తగిలింది. మానే చూపంతా బంతి మీదే ఉందని వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. అందులో ఎవరికీ అనుమానం లేదు. అయినా రెఫరీ జాన్ మాస్ ఎర్రకార్డు ఇచ్చాడు. శిక్ష తగ్గించమని లివర్‌పూల్ అడిగినా మూడు మ్యాచ్‌ల నిషేధం అలాగే నిలిచింది. మొన్నటి తిరుపతి డిఫెండర్ సంగతికి ఇంతకంటే దగ్గరి పోలిక నాకు కనిపించలేదు.

దీనికి ఎదురుగా 2010 ప్రపంచ కప్ ఫైనల్ ఉంది. నెదర్లాండ్స్ ఆటగాడు డి యాంగ్ బూటు స్పెయిన్ ఆటగాడు చాబీ అలోన్సో ఛాతీకి గుచ్చుకుంటే రెఫరీ హోవర్డ్ వెబ్ పసుపుతో వదిలేశాడు. తనకు సరిగా కనిపించలేదనీ, అది ఎరుపేననీ వెబ్ తర్వాత ఒప్పుకున్నాడు.

తిరుపతి వైపు వాదనలో బలం లేదని కాదు. గాయాన్ని చూసి కార్డు రంగు నిర్ణయిస్తున్నారని వాళ్ళ ఫిర్యాదు. 2019 నవంబర్‌లో టోటెన్‌హామ్ ఆటగాడు సన్ హ్యుంగ్-మిన్ టాకిల్ తర్వాత ఎవర్టన్ ఆటగాడు ఆంద్రే గోమెస్ చీలమండ విరిగింది. ముందు పసుపు తీసిన రెఫరీ గాయం తీవ్రత చూశాక ఎరుపు చూపాడు. తర్వాత ఆ కార్డును రద్దు చేశారు. మొన్న రెఫరీ కూడా రక్తం చూసే కార్డు తీశాడని వాళ్ళంటున్నారు. నేను గట్టు మీదే ఉన్నాను. చేతులతో చెవి మూసుకున్న కుర్రాడు లేవక ముందే, రక్తం బయటికి కనిపించక ముందే కార్డు పైకి లేచింది.

వాళ్ళు పంచుకుంటున్న ఫోన్ వీడియో గురించి కూడా ఒక మాట. దాన్ని నెమ్మదిగా తిప్పి "చూడండి, కాలు ఎంత మెల్లగా వచ్చిందో" అంటున్నారు. చిత్తూరు వాళ్ళేమో బూటు చెవికి తగిలిన ఒక్క ఫ్రేమును ఆపి ఫోటోగా పంపుతున్నారు. 2018లో నియమాల్లోకి వచ్చిన వీఏఆర్ పద్ధతి, అంటే వీడియో చూసి రెఫరీకి సాయపడే ఏర్పాటు, ఈ రెంటినీ ఒప్పుకోదు. ఎక్కడ తగిలిందో చూడటానికే స్లో మోషన్ వాడాలి, ఎంత బలంగా తగిలిందో మామూలు వేగంలోనే చూడాలి. 2023 సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ఆటగాడు కర్టిస్ జోన్స్ పసుపుకార్డు ఎరుపైనప్పుడు, రెఫరీకి తెర మీద ముందుగా కదలని ఫ్రేము చూపించారన్న కోపం లివర్‌పూల్ వాళ్ళలో ఇంకా చల్లారలేదు. 2024-25 సీజన్ దాకా మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లోనే వీఏఆర్ లేదు. కాలేజీ మైదానంలో రెఫరీకి ఉన్నవి రెండు కళ్ళూ, ఒక విజిల్.

మొన్న రెఫరీని గట్టు మీద చుట్టుముట్టి తోశారు కాబట్టి ఇదొక్కటి చెప్పక తప్పదు. 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ మొరటు ఆటతో వేడెక్కింది. ఇద్దరు ఆటగాళ్ళను బయటికి పంపారు. స్టాండ్స్‌లో గొడవ మొదలై తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. ఏటా ఆ తేదీన అక్కడ రక్తదాన శిబిరాలు పెడతారు.

నియమం మార్చిన ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 2006 ప్రపంచ కప్‌లో 28 ఎర్రకార్డులు, 2018లో 4, 2022లోనూ 4. కెమెరాల భయమూ ఉంది, కాలు దించుకుని ఆడటం నేర్చుకోవడమూ ఉంది. ఇక్కడి కుర్రాళ్ళకు అది ఎవరూ నేర్పలేదు. వాళ్ళు టీవీలో గోల్స్ చూసి నేర్చుకున్నారు, నియమాల పుస్తకం చూసి కాదు. ఆ డిఫెండర్ మంచి పిల్లాడు. మ్యాచ్ అయ్యాక ఆసుపత్రికి వెళ్ళి కుట్లు పడ్డ కుర్రాడి పక్కన గంటసేపు కూర్చున్నాడు. కార్డు రద్దు చేయమని అడుగుతున్నది అతను కాదు, అతని చుట్టూ ఉన్నవాళ్ళు.

శనివారం నిర్వాహకులు ఆ అర్జీ వింటారు. రెండు కాగితాలూ చూశాను. అర్జీలో "కావాలని" అన్న మాట మూడు చోట్ల ఉంది. రెఫరీ రాసిచ్చిన నివేదికలో నాలుగు వాక్యాలున్నాయి: కాలి ఎత్తు, స్టడ్స్ ముందుకు ఉండటం, తగిలిన చోటు, అప్పటికి తల ఎక్కడ ఉందన్నది.