హిందూపురం ఆయనను ఎందుకు వదులుకోలేదు

నందమూరి తారక రామారావు పుట్టింది కృష్ణా జిల్లా నిమ్మకూరులో. 1996 జనవరి 18న కన్నుమూసే నాటికి ఆయన అప్పటి అనంతపురం జిల్లా హిందూపురం శాసనసభ్యుడు. ఆ ఊరికీ ఆయనకూ ముడి ఎలా పడిందో తెలియాలంటే 1952 కరవు దగ్గరికి వెళ్లాలి. రాయలసీమ ఎండిపోయిన ఆ ఏడు, అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న ఆ నటుడు జోలె పట్టి ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. పార్టీ పెట్టడానికి ముప్పై ఏళ్ల ముందు సంగతి ఇది. కృష్ణుడి వేషం చూసి జనం ఓట్లేశారని తేల్చేసేవారు ఈ జోలెను మరిచిపోతారు.

1978 తర్వాత ఒకే శాసనసభ కాలంలో నలుగురు కాంగ్రెస్ ముఖ్యమంత్రులు మారారు. ఎవరు ఎక్కాలో, ఎవరు దిగాలో ఢిల్లీలోనే తేలేది. ఆ నాలుగోవారు కర్నూలు నేత కోట్ల విజయభాస్కరరెడ్డి. సీమ మనిషే కుర్చీలో ఉండగా జరిగిన ఎన్నికల్లో కాంగ్రెస్ ఓడిందంటే, తెలుగువారి ఆత్మగౌరవం అన్న రామారావు మాట ఎంత లోతుకు దిగిందో అర్థమవుతుంది. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం 1983 జనవరి 9న అధికారం చేపట్టింది.

మధ్యలో తొమ్మిది నెలలు ఆయన ఇల్లు ఒక పాత షెవర్లే వ్యాను, చైతన్యరథం. ఖాకీ బట్టలు, వ్యాను మీద నిలబడి ప్రసంగాలు, రోడ్డు పక్కనే స్నానం. నడిపింది కుమారుడు హరికృష్ణ.

అయితే సీమ పల్లెల్లో ఆయన్ను నిలబెట్టింది ప్రసంగాలు కావని నా నమ్మకం. వేరుశనగ పంట పోయిన ఏడు ఇంట్లో పొయ్యి వెలిగించింది కిలో రెండు రూపాయల బియ్యం. 1984లో వంశపారంపర్య కరణీకాలు రద్దయ్యాయి. అంతకుముందు తన పొలం ఎవరి పేరున ఉందో తెలుసుకోవాలంటే రైతు కరణం ఇంటి అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చేది.

1985లో గుడివాడ, నల్గొండ, హిందూపురం మూడూ గెలిచి ఆయన హిందూపురాన్నే ఉంచుకున్నారు. 1989లో అధికారం పోయింది, కల్వకుర్తిలో స్వయంగా ఓడారు. ఆ కష్టకాలంలో ఆయన్ను శాసనసభకు పంపింది హిందూపురమే. 1994లోనూ గెలిపించింది. ఆయన పోయాక వచ్చిన ఉప ఎన్నికలో, ఒకనాడు ఆ వ్యాను నడిపిన హరికృష్ణకు అదే ఊరు ఓటేసింది.