వీసా మీద ఉన్నవాళ్లకు ఓటు లేదా? ఇంగ్లండ్ కౌంటీ కౌన్సిల్ ఎన్నికలపై అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో కౌంటీ కౌన్సిల్ (మన జిల్లా పరిషత్ లాంటిది) ఎన్నికలకు నేను పోల్ క్లర్క్‌గా, అంటే పోలింగ్ కేంద్రంలో ఓటర్ల లిస్టు చూసే ఉద్యోగిగా కూర్చుంటాను. ఆ సంగతి తెలిసిన మనవాళ్లు గుడిలో కనిపించినా, బతుకమ్మ దగ్గర కనిపించినా ఒకటే మాట: "వీసా మీద ఉన్నాం కదండీ, మనకు ఓటెక్కడిది?"

ఉంది. సిటిజన్‌షిప్పూ అక్కర్లేదు, ఐఎల్ఆరూ (శాశ్వత నివాస అనుమతి) అక్కర్లేదు. భారత్ కామన్వెల్త్ దేశం. స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్, డిపెండెంట్ ఏ వీసా అయినా సరే, 18 నిండి ఇక్కడ ఉంటున్నవాళ్లు కౌన్సిల్‌కే కాదు, పార్లమెంటుకు కూడా ఓటేయొచ్చు. "ఓటేస్తే వీసా ఎక్స్‌టెన్షన్ ఆగిపోతుంది" అని ఎవరో వాట్సాప్‌లో పెడతారు, పదిమంది ఫార్వర్డ్ చేస్తారు. చట్టం ఇచ్చిన హక్కు వాడుకుంటే వీసా ఎందుకు ఆగుతుంది? ఇండియన్ పాస్‌పోర్టుకూ ఏమీ కాదు. నిజానికి ఓటర్ల రిజిస్టర్‌లో పేరు లేకపోతేనే నష్టం. లోన్ ఇచ్చేవాళ్లు మీ అడ్రస్ సరిచూసుకునేది అందులోనే. కౌన్సిల్ పదేపదే అడిగినా రిజిస్టర్ చేసుకోకపోతే 80 పౌండ్ల ఫైన్ కూడా పడొచ్చు.

కౌన్సిల్ టాక్స్ (ఇంటి మీద కట్టే స్థానిక పన్ను) కడుతున్నాం కాబట్టి పేరు ఉండే ఉంటుందనుకుంటారు. దానంతటదే ఎక్కదు. 2025 మే 1 ఎన్నికలకు రిజిస్టర్ చేసుకునే గడువు ఏప్రిల్ 11నే ముగిసింది. పోలింగ్ రోజు సాయంత్రం ఒకావిడ చంకలో పాపతో, చేతిలో టాక్స్ బిల్లుతో వచ్చారు. లిస్టులో ఆ వీధి మొత్తం వేలు పెట్టి రెండుసార్లు వెతికాను. లేదు. "బిల్లు మా పేరు మీదే ఉందండీ" అంటారు పాపం. అప్పటికప్పుడు పేరు ఎక్కించే వీలు మాకు లేదు.

పోలింగ్ కేంద్రంలో చూపించాల్సిన ఫొటో ఐడీకి ఇండియన్ పాస్‌పోర్టు చాలు. గడువు తీరినా ఫొటోలో ఉన్నది మీరేనని తెలిస్తే సరిపోతుంది. ఫోన్‌లో ఈ-వీసా, యూనివర్సిటీ కార్డు చెల్లవు. ఎన్నికల ముందు ఇంటికి వచ్చే పోల్ కార్డు మర్చిపోయినా ఫర్వాలేదు. బూత్‌లో ఉండే పెన్సిల్‌తో ఓటు గుర్తు పెడితే చెరిపేస్తారని భయమా? మీ పెన్ను తెచ్చుకోండి, ఎవరూ వద్దనరు.

ఫలితాలొచ్చాక ఇంకో టెన్షన్. కెంట్ కౌంటీలో, వలసలు తగ్గించాలనే రిఫార్మ్ యూకే పార్టీ 81 సీట్లలో 57 గెలవగానే "ఇక మనల్ని పంపించేస్తారా అన్నా?" అని ఫోన్లు. భయం నాకు అర్థమవుతుంది. కానీ వీసాలు కేంద్ర ప్రభుత్వంలోని హోం ఆఫీస్ చేతిలో ఉంటాయి. కౌంటీ చూసేది రోడ్ల గుంతలు, స్కూల్ అడ్మిషన్లు, లైబ్రరీలు, వృద్ధుల సంరక్షణ. కెంట్‌లో చెత్త తీసుకెళ్లడం కూడా దాని పని కాదు, అది కౌంటీ కింది స్థాయిలో ఉండే డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌ది! "నో ఓవరాల్ కంట్రోల్" అని వస్తే మళ్లీ ఎన్నికలేమీ రావు. ఎవరికీ మెజారిటీ లేదు, పార్టీలు మాట్లాడుకుని నడుపుకుంటాయి, అంతే.

ఇల్లు మారితే మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్ డాట్ యూకేలో ఐదు నిమిషాల పని. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి. ఎవరికి వేయాలని మాత్రం నన్నడగొద్దు, మేం చెప్పకూడదు.