చవక కార్బన్ బాణాలతో వేట: అపోహలు - వాస్తవాలు

డాలస్‌కు దగ్గర్లో ఒక విల్లుల షాపులో వారాంతాల్లో బాణాలు కోసి, అతికించి ఇచ్చే పని నాది. ఆగస్టు వచ్చిందంటే జింకల సీజన్ కోసం కొత్తవాళ్లు వరస కడతారు. అందులో మన తెలుగు కుర్రాళ్లూ ఉంటారు. విల్లు మీద వెయ్యి డాలర్లు పోసేసి, బాణాల దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించి "అన్నా, చవకవి తీసుకుంటే పర్లేదా?" అంటారు. పర్లేదు. కాకపోతే ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ కూడదో తెలియాలి.

(ఇదంతా లైసెన్సుతో వేటాడే అమెరికా సంగతి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. సెలవులకు ఊరెళ్లినప్పుడు అడవిపంది మాట ఎత్తకండి.)

అపోహ: ఖరీదైన బాణమే తిన్నగా పోతుంది.

వాస్తవం: చాలా కంపెనీలు ఒకే రకం బాణాన్ని వంకర ఎంత ఉందో కొలిచి వేర్వేరు ధరలకు అమ్ముతాయి. గోల్డ్ టిప్ హంటర్ రకంలో 0.006, 0.003, 0.001 అంగుళాల తేడాతో మూడు మెట్లున్నాయి. 0.006 అంగుళమంటే 0.15 మిల్లీమీటరు, అంటే కాగితం మందానికి ఒకటిన్నర రెట్లు. విజయవాడ ఆర్చర్ జ్యోతి సురేఖలా 50 మీటర్ల నుంచి 8 సెంటీమీటర్ల వలయంలో పది పాయింట్లు కొట్టాలంటే ఆ తేడా కూడా లెక్కే. మనం కొట్టేది 20, 25 గజాల్లో, జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే 8 అంగుళాల చోటులో. అక్కడ బాణం వంకర కన్నా మన చేతి వణుకే ఎక్కువ.

చవక బాణాల్లో వంకర సాధారణంగా చివర్లలో ఉంటుంది. అందుకే నేను ఒక్కో బాణాన్నీ దొర్లించి చూసి, ఊగే చివర నుంచి ఎక్కువ కోస్తాను. డజనులో ఒకటి రెండు అప్పటికీ ఊగుతాయి. వాటిని ప్రాక్టీసుకు పక్కన పెట్టేయండి.

అపోహ: స్పైన్ (బాణం ఎంత వంగుతుందో చెప్పే కొలత) నంబరు పెద్దదైతే బాణం గట్టిది.

వాస్తవం: తిరకాసంతా ఇక్కడే, ఎక్కువ డబ్బులు వృథా అయ్యేదీ ఇక్కడే. 28 అంగుళాల ఎడంలో బాణాన్ని రెండు ఆధారాల మీద పెట్టి, నడుమ 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తారు. అది అర అంగుళం వంగితే 500 స్పైన్, 0.34 అంగుళం వంగితే 340. అంటే నంబరు తగ్గేకొద్దీ బాణం బిరుసు. వింటినారి వదలగానే బాణం కడ్డీలా బయల్దేరదు, చేపలా అటూ ఇటూ వంగుతూ పోతుంది. ఆ వంపు మీ విల్లుకు సరిపోవాలి. లాగడానికి 60 పౌండ్ల బలం పట్టే విల్లు, 28 అంగుళాల బాణం, 100 గ్రెయిన్ల (సుమారు 6.5 గ్రాముల) మొన అయితే స్పైన్ చాలావరకు 400 దగ్గర ఆగుతుంది. మొన బరువు పెంచితే బాణం మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది, పొట్టిగా కోస్తే బిరుసెక్కుతుంది. కంపెనీ చార్టు చూడకుండా "ఆఫర్‌లో ఉన్నాయి" అని కొన్న బాణాలు ప్రాక్టీసు మొనలతో బాగానే తగులుతాయి. తీరా సీజన్ ముందు రెక్కలున్న బ్రాడ్‌హెడ్ (వేటకు వాడే పదునైన మొన) బిగిస్తే, గాలి దాన్ని పట్టి ఎక్కడికో లాక్కుపోతుంది. అప్పుడిక మొదలు టెన్షన్! స్పైన్ సరిపోయిన చవక బాణం, సరిపోని ఖరీదైన బాణం కన్నా వంద రెట్లు నయం.

అపోహ: తేలిక బాణమే మంచిది, స్పీడు ఎక్కువ.

వాస్తవం: విల్లు పెట్టె మీద వేసే స్పీడును 70 పౌండ్లు, 30 అంగుళాల లాగుడు, 350 గ్రెయిన్ల బాణంతో కొలుస్తారు. అది పెట్టె అమ్మడానికి, జింకను కొట్టడానికి కాదు. గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు, మన కంసాలి తూకంలో గురివింద గింజకు సుమారు సగం. విల్లు ఒక్కో పౌండుకు బాణం బరువు కనీసం 5 గ్రెయిన్లు ఉండాలి. అంతకన్నా తగ్గితే బాణం లేకుండా ఉత్త నారి వదిలినంత పని, విల్లే దెబ్బతింటుంది. అంగుళానికి 8.2 గ్రెయిన్ల బాణాన్ని 28 అంగుళాలకు కోసి, 100 గ్రెయిన్ల మొన, ఇన్సర్ట్ (మొన బిగించే లోపలి ముక్క), నాక్ (నారికి తగిలించే వెనక గాడి), ఈకలు కలిపితే 370 దాకా వస్తుంది. 60 పౌండ్ల విల్లుతో తెల్లతోక జింకకు అది చాలు. బరువు కాస్త పెరిగితే విల్లు చప్పుడు తగ్గుతుంది, బాణం లోతుగా దిగుతుంది.

అపోహ: ఇంట్లో పైపు కట్టర్‌తో కోసుకోవచ్చు.

వాస్తవం: వద్దు, పీచులు చిట్లిపోతాయి. దీనికి వేగంగా తిరిగే రాపిడి చక్రం ఉండాలి, ముక్కుకు మాస్కు ఉండాలి. షాపులో కోయించుకుంటే పోయేది కొద్ది డాలర్లే.

అపోహ: కార్బన్ అయితే తిన్నగా ఉంటుంది, లేదంటే విరుగుతుంది. చూసుకోవాల్సిన పని లేదు.

వాస్తవం: రెండింటికీ మధ్య పగులు అనేది ఒకటుంది, పైకి కనపడదు. కిందటేడు నా బాణమొకటి టార్గెట్ చట్రానికి తగిలింది. పైకి గీత కూడా లేదు. రెండు చేతుల్తో మెల్లగా వంచితే చెవి దగ్గర టిక్‌మంది. అలాగే వదిలి ఉంటే విల్లు పట్టిన చేతిలో పేళ్లు దిగేవి. ప్రతిసారీ వేసే ముందు తిప్పుతూ వంచి చూడండి, పొడుగునా దూదితో తుడవండి. పగులుంటే దూది పీచు అక్కడ చిక్కుకుంటుంది. అలాంటిదాన్ని రెండు ముక్కలుగా విరిచి పారేయండి, లేకపోతే ఇంకెవరో ఏరుకుంటారు. జింక ఒంట్లో బాణం విరిగితే మాత్రం ముక్కలన్నీ లెక్క చూసి, గాయం చుట్టూ మాంసం ధారాళంగా కోసి తీసేయండి. కార్బన్ పేళ్లు కూరలో కళ్లకు కనపడవు.